ముద్ర చెదరని కట్ట



యతిప్రాసల గురించీ పాఠాంతరాల గురించీ రాసుకునే ఈ చోట బిట్‌కాయిన్ మాట కనబడితే మీలో కొందరికి నవ్వు రావచ్చు. ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి ఇంటికి చేరిన తెలుగు పండితుడికి ఈ గొడవ ఎందుకని అడగనూ వచ్చు. నాకు ఒక్క నాణెమైనా లేదు, కొనే ఉద్దేశమూ లేదు. అయినా కొన్ని నెలలుగా నా ధ్యాసంతా దీనిమీదే ఉంది. అందుకు కారణం ఒక ఫోను.

నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రవాడొకడు నిరుడు వేసవిలో ఒక రాత్రివేళ పిలిచాడు. కుర్రవాడంటున్నాను గానీ నలభయ్యికి దగ్గరపడ్డాడు, భీమా సంస్థలో ఉద్యోగం. “మాస్టారూ, డబ్బు పోయిందండీ. నాన్నగారికింకా చెప్పలేదు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడేట్టు లేదండీ” అన్నాడు. ఊళ్ళో తల్లిదండ్రుల ఇంటికి పైకప్పు మార్పించాలని నాలుగేళ్ళుగా కొద్దికొద్దిగా కొని దాచుకున్న క్రిప్టో నాణేలవి. వాటి తాళాలు తన కంప్యూటరులోనే ఒక వాలెట్ సాఫ్టువేరులో పెట్టుకున్నాడు. చాలాకాలం తర్వాత దాన్ని తెరిస్తే, ఈ కూర్పు పాతబడింది, భద్రత కోసం వెంటనే కొత్తది స్థాపించుకోండి అని ఒక కిటికీ వచ్చింది. నొక్కాడు. కొత్తది దిగింది. సంకేతపదం అడిగితే ఇచ్చాడు. తెల్లవారేసరికి ఏమీ మిగల్లేదు.

దిగింది వాలెట్ కాదు, వాలెట్ వేషం వేసుకున్న దొంగ.

విన్నవాళ్ళందరూ ఒకటే మాట అన్నారట: “చదువుకున్నవాడివి, చూసుకోవద్దూ?” ఆ మాట నన్ను పట్టుకుంది. ఏం చూసుకోవాలి? అధికారికంగా కనబడిన సూచనను చదివి, అర్థం చేసుకుని, చెప్పినట్టు చేశాడు. ముప్పయ్యేళ్ళు నేను తరగతిలో నేర్పింది అదే. అతడు చూసుకోవలసిందేమిటో, అతడికంటే ముందు చూసుకోవలసినవాళ్ళెవరో తెలుసుకుందామని కూర్చున్నాను. హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఓపికతో చెప్పాడు. తప్పులుంటే నావి.

ముందుగా ‘వాలెట్’ అన్న పేరే తప్పుదారి పట్టిస్తుంది. అందులో డబ్బుండదు. నాణేల లెక్కంతా ప్రపంచమంతటా వేల కంప్యూటర్లు కలిసి ఉంచుకునే బహిరంగ పద్దులో ఉంటుంది. వాలెట్‌లో ఉండేవి ఆ పద్దులో మన వాటాను కదిలించే రహస్యపు తాళంచెవులు. నన్నడిగితే దానికి ‘తాళాలగుత్తి’ అని పేరు పెట్టేవాణ్ణి. గుత్తి పోయిందంటే బ్యాంకు మేనేజరుకు అర్జీ పెట్టడానికి లేదు, చెక్కు ఆపించినట్టు ఆపించడానికి లేదు. పద్దులో ఒకసారి నమోదై స్థిరపడినదాన్ని వెనక్కి తిప్పే అధికారి ఎవరూ లేరు. కాబట్టి ఆ గుత్తిని పట్టుకున్న సాఫ్టువేరును ఎవరు కట్ట కడుతున్నారు, ఆ కట్ట మన గుమ్మం దాకా ఎలా వస్తోంది, పాతదాన్ని తీసి కొత్తది పెట్టమని చెప్పే గొంతు ఎవరిది అనేవే అసలు ప్రశ్నలు.

ఆ మూడో ప్రశ్నకు మంచి ఉదాహరణ ఎలక్ట్రమ్ కథ. 2011లో థామస్ వోగ్ట్‌లిన్ మొదలుపెట్టిన బిట్‌కాయిన్ వాలెట్ ఇది, పేరున్నది, మంచిదే. పద్దు మొత్తాన్ని మన యంత్రంలోకి దించుకోకుండా, ఎవరెవరో నడిపే సర్వర్లను అడిగి పని జరుపుకుంటుంది. సర్వరు ఎవరైనా పెట్టవచ్చు. డబ్బు పంపబోతే సర్వరు ఏదైనా లోపం ఉందని జవాబిస్తే, ఆ జవాబును వాలెట్ ఉన్నదున్నట్టు తన కిటికీలో చూపించేది, లంకెలతో సహా. 2018 డిసెంబరులో దొంగలు తమ సర్వర్లను పెద్ద సంఖ్యలో దించారు. వాటిలో ఒకదానికి తగిలినవాడు డబ్బు పంపబోతే, భద్రతా తాజాకరణ చేసుకోవాలి, ఇదుగో లంకె అన్న వాక్యం ప్రత్యక్షమయ్యేది. కిటికీ నిజమైన ఎలక్ట్రమ్‌ది, గొంతు దొంగది. అప్పటికి వార్తల్లో వచ్చిన లెక్క ప్రకారమే రెండు వందలకు పైగా బిట్‌కాయిన్లు పోయాయి.

తయారీదారులు వెంటనే కొత్త కూర్పు వదిలి, సర్వరు పంపే వాక్యాలను అలా అలంకరించి చూపడం మానిపించారు. ఆపైన పరాయి వాక్యాన్ని అసలు చూపకుండా కట్టుదిట్టం చేశారు. పాత కూర్పు వాడుతున్నవాళ్ళకు కబురు ఎలా అందించాలన్నది చిక్కు. చివరికి 2019లో మంచి సర్వర్లే అదే కంతను వాడుకుని, మీ కూర్పు ప్రమాదకరమైనది అని పాతవాళ్ళను హెచ్చరించవలసి వచ్చింది. అప్పటికీ అందరికీ అందలేదు. 2017 నుంచి ముట్టుకోని పాత కూర్పును 2020 ఆగస్టులో ఒకాయన తెరిచాడు. అదే వాక్యం, అదే వల. 1,400 బిట్‌కాయిన్లు, అప్పటి విలువలో సుమారు కోటీ అరవై లక్షల డాలర్లు, ఒక్క దెబ్బకు పోయాయి.

ఇక్కడ కొంచెం ఆగాలి. తాజాకరణ అన్న సూచనను నమ్మినందుకు మునిగాడని కొందరంటారు. నిజమే. మూడేళ్ళుగా నిజమైన తాజాకరణ చేసుకోనందుకు మునిగాడని మరికొందరు. అదీ నిజమే. రెండూ ఒకే మనిషిలో నిజమైనప్పుడు తప్పును ఆ మనిషి నెత్తిన రుద్దడం నాకు సబబుగా తోచదు.

నా ఉద్యోగ జీవితంలో పబ్లిక్ పరీక్షల విధులు ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. ప్రశ్నపత్రాల కట్టలు పోలీసు స్టేషనులో ఉంటాయి. పరీక్ష ఉదయం చీఫ్ సూపరింటెండెంటూ డిపార్ట్‌మెంటల్ అధికారీ వెళ్ళి తేవాలి. ముద్ర చెదరలేదని సాక్షుల ఎదుట చూపించి, సంతకాలు తీసుకుని, అప్పుడు విప్పాలి. ఇంతా చేసేది బల్లమీద కూర్చున్న పిల్లవాడు ఆ కాగితాన్ని అనుమానించకుండా జవాబు రాసుకోవడానికి. “బాబూ, ముందు నువ్వు లక్క పరీక్షించు, సంతకం పోల్చుకో, తర్వాత ఒకటో ప్రశ్న మొదలుపెట్టు” అని ఏ అధికారీ అనడు. వాలెట్ తయారీదారులలో ఎక్కువమంది దశాబ్దానికి పైగా చేస్తున్నది సరిగ్గా అదే. కట్టను గుమ్మంలో పెట్టి, పక్కనొక చీటీ: సంతకం ఫలానా చోట ఉంది, ఫలానా ఆదేశాలతో సరిచూసుకోండి. చూసుకోకపోతే ఆ పాపం మీదే.

ఆ సరిచూడటం ఏమిటో కూడా తెలుసుకున్నాను. మనవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు.

పద్యంలో ప్రాసాక్షరం తప్పితే, గణం కుంటితే, లేఖకుడు ఎక్కడో జారాడని వెంటనే తెలిసిపోతుంది. సాఫ్టువేరు కట్టకూ అటువంటి లెక్క ఒకటుంది, ఎస్‌హెచ్‌ఏ-256 అంటారు. ఎంత పెద్ద కట్టనైనా నలగ్గొట్టి 64 గుర్తుల వరుసగా మారుస్తుంది. కట్టలో ఒక్క చుక్క మారినా వరుస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. మన ఛందస్సుకంటే ఎన్నో రెట్లు కరుకైనది. అయితే ఛందస్సు లేఖకుడి పొరపాటును పట్టిస్తుంది గానీ కవి చోరుణ్ణి పట్టించలేదు. ఛందస్సు వచ్చినవాడు చక్కగా గణాలు సరిపెట్టి ఒక ప్రక్షిప్తాన్ని ఎక్కిస్తే మనం శతాబ్దాల తరబడి తల పట్టుకుంటున్నాం. అలాగే దొంగ తన కట్టకు తానే లెక్క కట్టి, సైటులో ఉన్న అసలు వరుసను చెరిపి దీన్ని రాస్తే, పోల్చినవాడికి అన్నీ సరిపోతాయి. లెక్కా కట్టా ఒకే అలమరలో ఉన్నంతకాలం అలమర తెరిచినవాడిదే రాజ్యం.

పేరు చూసి నమ్మడం ఇంకా ప్రమాదం. వేమన మకుటం తగిలించి ఎవరెవరు ఎన్ని పద్యాలు చెప్పారో ఎవరికి తెలుసు? మకుటం ఎవరైనా అతికించవచ్చు. ఉబుంటు లినక్సు వాడేవారికి కెనానికల్ సంస్థ నడిపే స్నాప్ స్టోరులో ఎక్సోడస్ అన్న ప్రసిద్ధ వాలెట్ పేరుతో ఎవరో ఒక నకిలీని పెట్టారు. 2024 ఫిబ్రవరిలో అది బయటపడేటప్పటికి ఒకాయన తొమ్మిదికి పైగా బిట్‌కాయిన్లు పోగొట్టుకున్నాడు. దుకాణం పెద్దది, బోర్డు అసలుది, సరుకు నకిలీది.

అందుకే సంతకం కావాలి. తయారీదారు దగ్గర ఒక రహస్యపు చెవి, లోకమంతా చూడగల బహిరంగపు చెవి. రహస్యంతో వేసిన సంతకాన్ని బహిరంగంతో ఎవరైనా పరీక్షించవచ్చు, వేయడం మాత్రం ఇంకొకరి తరం కాదు. మొనెరో అనే నాణేనికి సంబంధించిన సైటులో 2019 నవంబరు 18న కట్టలు మార్చేశారు. లినక్సు వాడుకరి ఒకడు దించుకున్నది సైటులో ఇచ్చిన లెక్కతో సరిపోలడం లేదని గమనించి కేక వేశాడు కాబట్టి త్వరగా బయటపడింది. దొంగకు ఆ వరుసను కూడా మార్చాలని తోచలేదో, చేతకాలేదో. తోచి ఉంటే? అప్పుడు సంతకం చూసేవాడొకడు ఉండాలి. ఆ ఒక్కడూ ఆ రోజు నిద్రపోయి ఉంటే? ఇటువంటి ప్రశ్నల మీద జనం డబ్బు నిలబడి ఉండటం నాకు వింతగా ఉంది.

సంతకమూ సర్వస్వం కాదు సుమా. ఎవరు కట్టారో చెబుతుంది గానీ లోపలేముందో చెప్పదు. 2018లోనే కోపే అనే వాలెట్ విషయంలో జరిగిందిది. దాని తయారీలో వాడుకునే వందలాది చిన్న ముక్కల్లో ఈవెంట్-స్ట్రీమ్ ఒకటి. దాన్ని ఏళ్ళ తరబడి ఉచితంగా చూసుకున్న అసలు రచయిత, సాయం చేస్తానని వచ్చిన అపరిచితుడికి బాధ్యత అప్పగించాడు. ఆ అపరిచితుడు మరో ముక్కను జతచేసి, అందులో కోపే తయారవుతున్నప్పుడు మాత్రమే మేలుకునే విషాన్ని దాచాడు. 5.0.2 మొదలు 5.1.0 దాకా వచ్చిన కోపే కూర్పుల్లోకి అది చేరింది. దుకాణం అసలుది, సంతకం అసలుది, వంటవాడూ అసలువాడే, పోపుగింజల్లో విషం. పరీక్షల్లోనూ అంతే కదా, ముద్ర చెక్కుచెదరకుండా పేపరు బయటికి పోయిన సందర్భాలు మనకు తెలియనివా?

దీనికి బిట్‌కాయిన్ కోర్ వాళ్ళు చేస్తున్న పని చూసినప్పుడు నాకు కడప గుర్తొచ్చింది. బ్రౌను దొర తన సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని, ఒకే గ్రంథానికి ఊరూరి నుంచి ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్పించి, శుద్ధప్రతి రాయించేవాడు. ఒక్క లేఖకుణ్ణీ నమ్మకుండా, నలుగురి ప్రతులు కలిసిన చోటనే నమ్మడం ఆ పద్ధతి. బిట్‌కాయిన్ కోర్‌లో మూల సంకేతం అందరికీ కనబడుతుంది. దాని నుంచి మనం నడిపించుకునే కట్టను వేర్వేరు దేశాల్లో ఉన్న పలువురు, ఎవరి యంత్రంలో వారు, విడివిడిగా తయారుచేస్తారు. అందరివీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే రావాలి. వచ్చాక ఎవరి సంతకం వారు పెడతారు. ఒకరి యంత్రంలో దొంగ దూరినా, ఒకరిని బెదిరించినా కొన్నా, వారి ప్రతి ఒక్కటే తేడాగా కనబడుతుంది.

వినడానికి సులువు. చేయడం కష్టమట. తయారైన వేళ, ఫైళ్ళు చదివిన వరుస, పనిముట్టు కూర్పు, చివరికి ఫోల్డరు పేరు కూడా కట్టలోకి చేరి తేడాలు తెస్తాయి. వాటన్నిటినీ కట్టడి చేయడానికి మొదట గిటియన్ అనే పద్ధతీ, 2021లో వచ్చిన 22.0 కూర్పు నుంచి గిక్స్ అనే పద్ధతీ వాడుతున్నారు. రెండోది, తయారుచేసే పనిముట్లను కూడా సాధ్యమైనంత చిన్న మూలం నుంచి కట్టుకుంటూ వస్తుంది. పనిముట్టులోనే దొంగ దాక్కోవచ్చని కెన్ థామ్సన్ 1984లోనే ట్యూరింగు బహుమతి ఉపన్యాసంలో చూపించాడు కదా, ఆ భయానికి విరుగుడు. కోపేలో జరిగినటువంటి మూలంలోని విషాన్ని మాత్రం ఇది పట్టదు. పదిమంది లేఖకులు ఒకే తప్పుడు మూలాన్ని శ్రద్ధగా రాసినా పది తప్పుడు ప్రతులే వస్తాయి. అక్కడ మూలాన్ని చదివే మనుషులే దిక్కు, చేర్చే ముక్కల సంఖ్యను తగ్గించుకోవడమే దారి.

మా మేనల్లుడితో నాకు పేచీ వచ్చింది ఇంకొక చోట. “మామయ్యా, బ్రౌజరు దానంతటది తాజా అవుతుంది. వాలెట్ కూడా అలాగే కావాలి. మనిషిని అడిగితే మనిషి తప్పుచేస్తాడు” అంటాడు వాడు. బ్రౌజరు విషయంలో వాడన్నది నూటికి నూరుపాళ్ళూ ఒప్పుకుంటాను. వాలెట్ దగ్గర నాకు జంకు. చప్పుడు చేయకుండా తనను తాను మార్చుకోగల సాఫ్టువేరంటే, ఆ మార్పును పంపే ఒక్క చెవి ఎవరి చేతికి చిక్కితే వారికి ఒక్క రాత్రిలో అందరి గుత్తులూ చిక్కినట్టే. మరొక మిత్రుడు దీనికి పూర్తిగా ఎదురు: పనిచేస్తున్నదాన్ని కదపవద్దంటాడు. ఆయనకు ఆ 1,400 బిట్‌కాయిన్ల మనిషిని చూపించాను. జవాబు లేదు.

నా అభిప్రాయం ఇది. కొత్త కూర్పు వచ్చిందన్న కబురు వాలెట్టే చెప్పాలి, కానీ ఆ కబురుకే సంతకం ఉండాలి, దాన్ని సరిచూసే బహిరంగపు చెవి పాత కూర్పు కడుపులోనే ఉండాలి. ఎలక్ట్రమ్ వాళ్ళు తర్వాత దాదాపు ఇదే చేశారు; వాడుకరి ఒప్పుకుంటే, సంతకం చూసి మరీ కబురు చెబుతుంది, దించుకోవడం మాత్రం మనకే వదిలేస్తుంది. నేను ఇంకొక అడుగు వేయమంటాను. దించుకున్న కట్టను కూడా పాత కూర్పే పరీక్షించాలి. ఒకరిది కాక ఐదుగురిలో కనీసం ముగ్గురి సంతకాలు కలిస్తేనే లోపలికి రానివ్వాలి. బ్యాంకు లాకరు మన చెవితో మాత్రమే తెరుచుకోదు, వాళ్ళ చెవి కూడా పడాలి; అలాగన్నమాట. ఆపైన, మార్చుకోనా అని మనిషిని ఒక్కమాట అడగాలి. కాదంటే కారణమడగకుండా ఊరుకోవాలి, పాతదానిలో ప్రమాదం ఉంటే మాత్రం డబ్బు పంపనివ్వకూడదు.

ఇందులో ఊహాగానం లేదు. తాజాకరణల భద్రత కోసమే టఫ్ అనే పద్ధతిని పరిశోధకులు 2010లోనే ప్రకటించారు. అందులో ఇన్ని సంతకాలు కలవాలన్న నియమముంది. నేను ఊహించని మరో రెండు మోసాలకు కూడా అందులో మందుంది. సంతకం సరిగ్గా ఉన్న పాత, కంతలున్న కూర్పునే కొత్తదని అంటగట్టడం ఒకటి. నిరుటి ప్రశ్నపత్రాల కట్టకూ ముద్ర చక్కగానే ఉంటుంది మరి. కొత్తదేమీ రాలేదని నమ్మించి మనిషిని పాతదానిలోనే బంధించడం రెండోది. కూర్పు సంఖ్య వెనక్కి పోకుండా చూడటం మొదటిదానికి, కబురుకు గడువు తేదీ పెట్టడం రెండోదానికి మందు. గడువు దాటినా కొత్త కబురు రాకపోతే ఎక్కడో దారి మూశారని అర్థం. విద్య సిద్ధంగా ఉంది. ఖర్చూ శ్రమా పడటానికి మనసు రావడం లేదు. చాలా వాలెట్లు నలుగురైదుగురు జీతంలేని మనుషులు నడిపేవని నాకు తెలుసు, వారిమీద కోపగించలేను. ఆ వాలెట్ల మీద వ్యాపారం చేసుకుని కోట్లు గడించేవాళ్ళు ఆ నలుగురికి నెల జీతం ఇవ్వకపోవడం మీదే నా కోపం.

ఒక్క కంత మాత్రం దేనికీ పూడదు. మొట్టమొదటి కూర్పు ఎక్కడి నుంచి వచ్చింది? అదే దొంగదైతే దాని కడుపులోని చెవి కూడా దొంగదే. అక్కడ మాత్రం వాడుకరి కష్టపడక తప్పదు. వెదుకుడు యంత్రంలో ముందుగా వచ్చే ప్రకటనను నొక్కకుండా చిరునామా స్వయంగా కొట్టుకోవడం, తెలిసినవాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి సంతకం చూపించుకోవడం. జీవితంలో ఒకసారి అంటే ఎవరైనా చేస్తారు. ప్రతి మూడు నెలలకూ చేయమంటే నేనూ చేయను.

ఆమాటకొస్తే మనమేం చేశాం? అంతర్జాలంలో తెలుగు కనబడటమే గగనమైన ఆ రోజుల్లో ఎవరెవరో ఎక్కడెక్కడో పెట్టిన ఖతులూ కీబోర్డు సాధనాలూ దించుకుని, అడ్డంగా వచ్చిన ప్రతి హెచ్చరికకూ సరే సరే అంటూ నొక్కుకుంటూ పోయాం. తెలుగు కనబడితే చాలు, ప్రాణం లేచొచ్చేది. వాటిని పెట్టినవాళ్ళు పుణ్యాత్ములు కాబట్టి బతికిపోయాం. మన జాగ్రత్త అందులో ఆవగింజంత లేదు.

మొన్న ఒక మధ్యాహ్నం నేనే బిట్‌కాయిన్ కోర్ కట్ట ఒకటి దించి, ఆ 64 గుర్తులూ కాగితంమీద రాసుకుని, భూతద్దం పెట్టి తెరమీదివాటితో ఒక్కొక్కటే పోల్చాను. రెండుసార్లు వరుస తప్పాను. మా ఆవిడ వచ్చి, మళ్ళీ ఎవరి పుస్తకానికైనా ప్రూఫులు దిద్దుతున్నారా అని అడిగింది. సరిపోయాయి. సంతకాల దగ్గరికొచ్చేసరికి జీపీజీ అనే పనిముట్టు ఇచ్చిన జవాబులో, సంతకం సరైనదే అన్న వాక్యం కిందనే, ఇది ఆ యజమానిదేనన్న రూఢి లేదు అని ఇంకొక హెచ్చరిక. భాషాపరంగా రెండింటికీ విరోధం లేదు, వివరిస్తే ఎవరికైనా అర్థమవుతుంది. వివరించే మనిషి అక్కడ ఉండడు, అంతే. మేనల్లుడికి ఫోను చేసి అడిగాను.

ఆ కుర్రవాడు దీపావళికి ఊరొచ్చినప్పుడు మా ఇంటికి వచ్చాడు. నకిలీ కిటికీ బొమ్మను ఫోనులో ఇంకా దాచుకున్నాడు, చూపించాడు. అక్షరదోషాలుంటాయేమోనని అలవాటుకొద్దీ వెదికాను. ఒక్కటీ లేదు. వాళ్ళ నాన్నగారికి అప్పటికింకా తెలియదు. పైకప్పు ఈ వానాకాలం కూడా టార్పాలిను కిందే గడిచింది.